పాత కారుకు కొత్త రూపం: బాడీ, చక్రాలు, టైర్ల మార్పులో పాటించవలసినవి

హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1984లో విపణిలోకి తెచ్చిన కాంటెస్సా కారును చాలామంది ‘భారతీయ మజిల్ కారు’ అని పిలుస్తారు. అమెరికాలో 1964లో వెలువడిన పాంటియాక్ జీటీఓ వంటి కార్లకు ఆ పేరు మొదట స్థిరపడింది. పొడవైన ముందుభాగం, నడుము వద్ద సన్నగిల్లి వెనుక చక్రాల మీద మళ్లీ ఉబ్బే పక్కభాగాలు, వెనుక చక్రాలకు అందే శక్తి వాటి లక్షణాలు. కాంటెస్సాలో ఈ పోలికలు ఉన్నాయి. ఆ శక్తి మాత్రం లేదు. జీటీఓలో 6.4 లీటర్ల ఇంజన్ ఉండగా, కాంటెస్సా తొలి రోజులలో అంబాసిడర్‌కు వాడిన 1489 సీసీ ఇంజన్‌తోనే నడిచింది. ఆ తరువాత వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ సామర్థ్యం సైతం తొంభై హార్స్‌పవర్‌కు లోపే. ఆకృతి విషయానికి వస్తే, అది ఇంగ్లండులోని వాక్స్‌హాల్ సంస్థ 1970లలో తయారుచేసిన విక్టర్ కారు నుంచి తీసుకున్నది. 2002లో దీని ఉత్పత్తి నిలిచిపోయింది.

అందుచేత నేడు రోడ్డు మీద కనిపించే ప్రతి కాంటెస్సాకు ఇరవై ఏళ్లు దాటాయి. దానిని కొన్నవారు సాధారణంగా మూడు కోరికలతో గ్యారేజీకి వెళతారు. తుప్పు పోయి బాడీ మెరవాలి. చక్రాలు వెడల్పుగా, నిండుగా కనిపించాలి. టైర్లు లావుగా ఉండాలి. ఈ మూడింటిలో ఏది ఎంతవరకు సమ్మతమో, ఎక్కడ ప్రమాదం మొదలవుతుందో గోండ్‌పిప్రి పరిసరాల వాహన యజమానుల కోసం ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులోని విషయాలు అంబాసిడర్, పాత జీపు, బొలేరో వంటి వాహనాలకు కూడా చాలావరకు వర్తిస్తాయి.

చట్టం దేనిని మార్పు అంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఈ విషయానికి ఆధారం. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, నమోదు పత్రంలోని, అనగా ఆర్సీలోని వివరాలకు భేదం ఏర్పడేటట్లు ఏ యజమానీ వాహనాన్ని మార్చరాదని అది చెబుతుంది. వాహన నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక స్వరూపం మారిపోతే దానినే చట్టం ‘మార్పు’గా పరిగణిస్తుంది. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న తీర్పు ఇస్తూ ఈ సెక్షన్‌ను స్పష్టంగా వ్యాఖ్యానించింది. రంగు మార్పు వంటివి నిర్మాణాన్ని తాకవు కనుక వాటికి అవకాశం ఉంటుందని, నిర్మాణాన్ని మార్చి తయారీదారు వివరాలకు భిన్నంగా చేసిన వాహనం నమోదుకు అర్హం కాదని ఆ తీర్పు సారాంశం.

అదే ఏడాది చట్ట సవరణ ద్వారా 182ఎ సెక్షన్ చేరింది. నిబంధనలు అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ‘ఒక్కొక్క మార్పుకు’ అన్న మాటను గమనించాలి. పైకప్పు కోయడం, బంపర్ ముందు ఇనుప కడ్డీల చట్రం బిగించడం, చక్రాల గూళ్లు కోసి వెడల్పు చేయడం మూడు వేర్వేరు లెక్కలుగా రావచ్చు. బంపర్ ముందు బిగించే ఆ చట్రాలను అడ్డుకోవాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. ఢీకొన్నపుడు నలిగి దెబ్బను మింగవలసింది కారు ముందుభాగం. గట్టి ఇనుప చట్రం ఆ పని జరగనివ్వదు. ఎదుట ఉన్న పాదచారికి తగిలే గాయాన్ని మరింత తీవ్రం చేస్తుంది.

రంగు మార్చిన వారు ఆర్సీలో కూడా దానిని మార్పించుకోవాలి. చంద్రపూర్ జిల్లా వాహనాలకు, అనగా ఎంహెచ్ 34 సంఖ్యతో మొదలయ్యే వాటికి, ఈ పని చంద్రపూర్‌లోని ఆర్‌టీఓ కార్యాలయంలో జరుగుతుంది. నగర పంచాయతీ కార్యాలయంలో జరగదు. తెల్లని కారు అని ఆర్సీలో ఉండి, రోడ్డు మీద నల్లని కారు కనిపిస్తే, తనిఖీ చేసే అధికారి మొదట అనుమానించేది దొంగతనాన్నే.

బాడీ పని: పుట్టీ కింద ఏముంది?

కాంటెస్సాకు లారీలకు, పాత జీపులకు ఉన్నట్లు వేరే ఛాసిస్ చట్రం లేదు. దాని నేల, తలుపుల కింది పెట్టె ఆకారపు దూలాలు, చక్రాల గూళ్లు, పైకప్పు స్తంభాలు అన్నీ కలిసి ఒకే గుల్లగా బరువును మోస్తాయి. జీపులో మడ్‌గార్డు కోసినా కింది ఛాసిస్ నిలిచి ఉంటుంది. కాంటెస్సాలో వెనుక చక్రపు గూడు లోపలి రేకును కోసినవారు బరువు మోసే భాగాన్నే కోసినట్లు. కారు వెంటనే కూలిపోదు. కొన్ని నెలలకు తలుపు సరిగా మూసుకోదు, అద్దం మూలన చీలిక వస్తుంది, ఎంత వీల్ అలైన్‌మెంట్ చేయించినా కారు ఒక పక్కకు లాగుతుంది.

తుప్పు పనిలో టింకరింగ్ పనివాని నేర్పు తెలిసేది పుట్టీ పూయక ముందే. తుప్పు తిన్న రేకును ఆరోగ్యమైన రేకు తగిలేవరకు కోసి, అదే మందం గల కొత్త ముక్కను వెల్డింగ్ చేసి, లోపలివైపు కూడా ప్రైమర్ పూయడం సరైన పద్ధతి. రంధ్రం మీద ఫైబర్ పీచు అతికించి పుట్టీతో నున్నగా చేయడం తేలిక పద్ధతి. ఇది ఒక వానకాలం బాగుంటుంది. తేమ లోపలే చిక్కుకొని రెండవ వానకాలానికి రంగు బుడగలుగా లేస్తుంది. కొనేవారు ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల అడుగుభాగాన, చక్రాల గూళ్ల అంచున, డిక్కీ నేల మీద ఆనించి చూడాలి. అది పట్టుకోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నదని అర్థం. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పడం, పెట్రోలు ట్యాంకు దించడం తప్పనిసరి. ఛాసిస్ సంఖ్య చెక్కిన రేకును మాత్రం ఏ కారణం చేతనూ కోయరాదు, రుద్దరాదు. ఆ సంఖ్య చదవరాకపోతే నమోదు పునరుద్ధరణ ఆగిపోతుంది.

చక్రం బయటికి జరిగితే

చక్రాన్ని హబ్‌కు బిగించే తలానికి, రిమ్ము వెడల్పు మధ్యరేఖకు నడుమ దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. అలాయ్ చక్రం లోపలివైపు అది మిల్లీమీటర్లలో అచ్చయి ఉంటుంది. ఆఫ్‌సెట్ 35 ఉన్న చక్రం తీసి, అదే వెడల్పులో ఆఫ్‌సెట్ సున్నా ఉన్నది బిగిస్తే చక్రం 35 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. చూపరులకు నచ్చే నిండుదనం ఇక్కడి నుంచే వస్తుంది, ఇబ్బంది కూడా ఇక్కడి నుంచే. బరువు హబ్ బేరింగుకు దూరంగా పడి బేరింగు త్వరగా అరుగుతుంది. గుంటలో పడిన ప్రతిసారీ స్టీరింగు చేతిని విదిలిస్తుంది. నలుగురు ఎక్కి కూర్చున్నపుడు, లేదా స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంటుంది. అప్పుడు గ్యారేజీలో వినిపించే సలహా ఒక్కటే: అంచు కోసేద్దాం. చక్రంతో మొదలైన ముచ్చట ఈ విధంగా బాడీని కోయడం దగ్గరికి చేరుతుంది. చక్రం కొనే ముందే ఆఫ్‌సెట్ సరిచూసుకుంటే ఈ దశ రాదు. చక్రానికి, హబ్‌కు మధ్య స్పేసర్ బిళ్లలు పెట్టినా ఫలితం ఇదే. పైగా బోల్టులో నట్టు పట్టే పొడవు తగ్గుతుంది.

బోల్టు రంధ్రాల వలయం, మధ్య రంధ్రం, నట్టు కూర్చునే గుంట ఆకారం కూడా సరిపోవాలి. కోణాకారపు నట్టు కోసం చేసిన రిమ్ముకు బల్లపరుపు నట్టు బిగిస్తే అది బిగిసినట్లు కనిపించి దారిలో వదులవుతుంది. కొత్త చక్రాలు వేసిన వంద కిలోమీటర్లలోపు నట్లను మరొకసారి బిగించాలి.

ఇనుప రిమ్ము గుంటలో పడితే వంగుతుంది. సుత్తితో, యంత్రంతో కొంతవరకు సరిచేయవచ్చు. అలాయ్ రిమ్ము పగులుతుంది. పగులును వెల్డింగ్ చేసిన అలాయ్ రిమ్ము మీద కుటుంబాన్ని కూర్చోబెట్టి ప్రయాణించడం సాహసం కాదు, అవివేకం. బొగ్గు లారీలు తిరిగి రోడ్లు గుంటలు పడే జిల్లాలో ఈ భేదం చిన్నది కాదు.

టైరు మీది అంకెలు

ఒక కారుకు 165/80 ఆర్14 టైరు నిర్ణయించారనుకుందాం. 165 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అనగా పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎనభై శాతం, అనగా 132 మిల్లీమీటర్లు. 14 అనగా రిమ్ము వ్యాసం అంగుళాలలో. రిమ్ము 355.6 మిల్లీమీటర్లు, పైనా కిందా పక్కగోడలు 264, మొత్తం చక్రం ఎత్తు సుమారు 620. దాని బదులు 205/55 ఆర్16 వేస్తే ఎత్తు సుమారు 632. తేడా రెండు శాతం మాత్రమే. ఎత్తు సరిపోయింది కదా అని సంతోషించే ముందు పక్కగోడను చూడాలి. 132 నుంచి అది దాదాపు 113 మిల్లీమీటర్లకు తగ్గింది. గుంటకూ రిమ్ముకూ మధ్య ఉండే గాలి మెత్త ఆ మేరకు పలుచబడింది. రిమ్ము కూడా టైరు వెడల్పుకు తగినదై ఉండాలి; ఈ 205 టైరుకు కనీసం ఐదున్నర అంగుళాల వెడల్పు గల రిమ్ము అవసరం.

ఎత్తు మారితే స్పీడోమీటరు తప్పు చెబుతుంది. బొలేరోకు 215/75 ఆర్15 బదులు 235/75 ఆర్15 వేసేవారు ఉన్నారు. చక్రం సుమారు 30 మిల్లీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. అంతకు ముందు మీటరు సరిగ్గా చూపేదే అయితే, ఇప్పుడు అది 60 చూపినపుడు బండి నిజానికి 62కు మించిన వేగంతో పోతుంటుంది. అడవి అంచు దారులలో రాత్రిపూట జంతువు అడ్డుపడినపుడు బ్రేకుకు అందే దూరం వాస్తవ వేగాన్ని బట్టి ఉంటుంది. మీటరు అంకెను బట్టి కాదు. పెద్ద చక్రాన్ని ఆపడానికి అవే బ్రేకులు మరింత శ్రమించాలి. తయారీదారు ఆ మోడల్‌కు నిర్దేశించిన పరిమాణాలలోనే టైరు ఎంచుకుంటే చట్టపరంగానూ చిక్కు ఉండదు.

పరిమాణం పక్కన మరొక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 84 అనగా ఒక్కొక్క టైరు 500 కిలోలు మోయగలదు. 91 అనగా 615 కిలోలు. టి అక్షరానికి గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అక్షరానికి 210 గరిష్ఠ వేగం. పాత టైరు మీద ఉన్నదానికన్నా తక్కువ అంకె గల టైరు చవకగా దొరికినా తీసుకోరాదు.

అరుదుగా నడిచే పాత కార్లలో ఎక్కువగా మోసపోయేది టైరు వయసు విషయంలో. గాడి లోతుగా ఉంటుంది, టైరు కొత్తదిలా కనిపిస్తుంది. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర చూడాలి: 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. రబ్బరు వాడినా వాడకపోయినా ముదురుతుంది. పక్కగోడలో సన్నని చీలికలు కనిపిస్తే గాడి ఎంత ఉన్నా టైరు మార్చాలి. కార్ల టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదన్నది నియమం.

పాత ఇనుప రిమ్ములు ట్యూబు టైర్ల కోసం చేసినవి. ట్యూబ్‌లెస్ టైరు అంచును పట్టి ఉంచే చిన్న ఉబ్బు వాటిలో ఉండకపోవచ్చు. అటువంటి రిమ్ముకు ట్యూబ్‌లెస్ వేస్తే గాలి తగ్గి, మలుపులో టైరు అంచు జారి గాలి ఒక్కసారిగా పోవచ్చు. రేడియల్ టైరును, పాత అడ్డదారాల టైరును ఒకే ఇరుసుకు కలిపి వేయరాదు. చంద్రపూర్ జిల్లా మే నెల ఎండ దేశంలోనే పేరుపడ్డది. టైరులోని గాలి వేడెక్కినకొద్దీ పీడనం పెరుగుతుంది. సుమారు అయిదారు డిగ్రీల సెల్సియస్‌కు ఒక పీఎస్‌ఐ చొప్పున. అందుకని ఉదయాన్నే, బండి కదలక ముందు గాలి చూపించుకోవాలి. మధ్యాహ్నం ఎక్కువ చూపించిందని గాలి తీసివేస్తే, రాత్రికి టైరు మెత్తబడి పక్కగోడ మడత పడుతుంది.

నది దాటి వచ్చిన కారు

వార్ధా మీది పోడ్సా వంతెన దాటితే సిర్పూర్, అది తెలంగాణ. బంధుత్వాలతో పాటు పాత కార్లు కూడా ఆ దారిన వస్తుంటాయి. వేరే రాష్ట్రపు వాహనాన్ని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నమోదు సంఖ్య తీసుకోవాలి. అందుకు అక్కడి రవాణా కార్యాలయం నుంచి 28వ నమూనాలో నిరభ్యంతర పత్రం కావాలి. అమ్మినవాడు చేయించిన మార్పుకు జవాబు చెప్పవలసిన పరిస్థితి తనిఖీ రోజున కొన్నవానికే ఎదురవుతుంది. ఆర్సీలోని రంగు, ఇంజన్ సంఖ్య, ఛాసిస్ సంఖ్య, ఇంధనం కారుతో పోల్చి చూసిన తరువాతే డబ్బు చెల్లించడం క్షేమం. డీజిల్ ఇంజన్ బిగించిన పెట్రోలు కారు ఆర్సీలో ఇంకా పెట్రోలుగానే ఉంటే, ఆ బేరం వదులుకోవడమే మేలు.

పదిహేనేళ్ల తరువాత నమోదును ఐదేళ్లకు ఒకసారి పునరుద్ధరించాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి 10,000. పర్యావరణ పన్ను దీనికి వేరు. పాత కార్లను నిషేధించారని అప్పుడప్పుడు వినిపించే వార్తలు ఢిల్లీ ప్రాంతానికి చెందినవి. ఈ జిల్లాకు వర్తించవు.

బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున బయటపడుతుంది. సొంత కారు నష్టానికి పరిహారం కోరినపుడు సర్వేయరు ఆర్సీని, కారును పక్కపక్కన పెట్టి చూస్తాడు. అలాయ్ చక్రాలు వేయించినా వాటి రసీదుతో సహా ముందే రాసి తెలియజేసి, పాలసీలో చేర్పించుకోవాలి.

2034 కోసం దాచవలసిన ఇనుము

2021 జూలైలో కేంద్రం పురాతన వాహనాల నమోదుకు నియమాలు ప్రకటించింది. యాభై ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు ‘వీఏ’ అక్షరాలు గల ప్రత్యేక సంఖ్యకు అర్హం. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి పనులకే అటువంటి వాహనాన్ని బయటికి తీయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటి ఉంది: ఛాసిస్, బాడీ గుల్ల, ఇంజన్ గణనీయంగా మారి ఉండకూడదు. 1984 నాటి తొలి కాంటెస్సాలకు యాభై ఏళ్లు నిండేది 2034లో. అలాయ్ చక్రాలు వేసినవారు ఆనాటికి వాటిని విప్పి పాత ఇనుప రిమ్ములు తిరిగి బిగించుకోగలరు. చక్రపు గూడు కోసినవారికి ఆ వీలు లేదు.

కాబట్టి కారు నుంచి విప్పిన రిమ్ములు, బంపర్లు, చక్రాల మూతలు, బాడీ మీది అక్షరాల పట్టీలను పాత ఇనుము కొనేవారికి కిలోల లెక్కన ఇచ్చివేయరాదు. కాంటెస్సా విడిభాగాలు తయారుచేసే కర్మాగారం ఇప్పుడు లేదు. వాటికి నూనె పూసి, గోనెసంచిలో చుట్టి, నేల తడి తగలని అటక మీద పెట్టాలి. పని మొదలుపెట్టే ముందు కారు నాలుగు వైపులా, అడుగుభాగం, ఛాసిస్ సంఖ్య కనిపించేటట్లు ఫోటోలు తీసి, గ్యారేజీ రసీదులతో పాటు ఆర్సీ నకలు ఉన్న సంచిలోనే ఉంచాలి.