చలిదేశపు ద్రాక్ష - ఒంటిమిట్ట పందిరి

“చలిదేశములలో ద్రాక్ష చక్కగా కాయును గదా, ఆ రకము తెచ్చి ఒంటిమిట్టలో నాటిన కాయదా?” అని కొందరు రైతు సోదరులు అడుగుచుందురు. పందిరికి, బావికి డబ్బు పెట్టక ముందే ఆ చలిసీమ గుణమేమో తెలిసికొనుట మేలు.

జర్మనీ దేశములోని మోసెల్ నదీలోయ అట్టి సీమలలో పేరు పడ్డది. అది సుమారు 50వ ఉత్తర అక్షాంశముపై ఉన్నది. మన ఒంటిమిట్ట 14వ అక్షాంశము దాటి కొంచెమే. అక్కడ ఎండ అరుదు గనుక, దక్షిణపు ఎండ తగులు నిట్టవాలు కొండలపై తీగె నాటుదురు. ఆ పలకరాతి నేల పగటి వేడిని దాచుకొని రాత్రి విడుచును. శీతకాలమున తీగె ఆకు రాల్చి నిద్రించును. ఏటికి ఒకే కత్తిరింపు, ఒకే పంట. వసంతమున మంచు గడ్డకట్టినచో లేత చిగురు మాడిపోవును. వారి భయము అది. చల్లని రాత్రులలో కాయ మెల్లగా పండును. పులుపు నిలుచును, చక్కెర మితముగా చేరును. అక్కడి ద్రాక్షసారాకు పేరు తెచ్చినవి ఆ పులుపు, ఆ సువాసనయే.

మన సీమలో తీగె నిద్రపోదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. వేడి రాత్రులలో కాయలోని పులుపు తరిగిపోవును. రకమును తెచ్చుకొనవచ్చును గాని చలిని తెచ్చుకొనలేము. కావున మనకు తగినది తినుటకు పనికివచ్చు ద్రాక్ష. హైదరాబాదు తోటలలో పేరు పొందిన అనాబ్-ఎ-షాహి అట్టిది.

తీగె తనంతట నిద్రించదు గనుక కత్తెరతో దానిని దారిలో పెట్టవలెను. ఏప్రిల్‌లో ఒకటి రెండు కన్నులుంచి కత్తిరింతురు. అప్పుడు వచ్చిన రెమ్మలలోనే కాపు కన్నులు తయారగును. అక్టోబరులో రెండవసారి కత్తిరించినచో అవి విచ్చి గెలలు వేయును. శ్రీరామనవమి నాటికి పండ్లు అమ్ముకొనవచ్చును.

ఇచటనే మన చిక్కు. అక్టోబరు, నవంబరు నెలలు మనకు ఈశాన్య వానల కాలము. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగిన సంగతి మీకు తెలిసినదే. తడిసిన లేత ఆకుకు బూజు తెగులు పట్టినచో గెల మిగలదు. వాన తగ్గువరకు కత్తిరింపు ఆపవచ్చును. అయితే కోత ఎండలలో పడును.

ఈ తెగులుకు బోర్డో మిశ్రమము 1885 ప్రాంతమున ఫ్రాన్సు ద్రాక్షతోటలలోనే పుట్టినది. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, ఒక కిలో సున్నమును మరొక 50 లీటర్లలోను కలిపి, రెండింటిని ఒకటిగా పోయవలెను. ఇనుప పాత్ర కూడదు. మెరుగుపెట్టిన చాకును ముంచినచో రాగిపూత పట్టరాదు. పట్టినచో సున్నము చాలలేదని గ్రహింపుడు. కలిపిన దినముననే చల్లవలెను.

తోట వేయదలచినవారు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: మే నెలలో మీ బావిలో నీరు నిలుచునా? నవంబరు వానకు మీ చేనిలో నీరు నిలువక పోవునా? రెండింటికి “ఔను” అనగలిగినవారు మట్టిని, నీటిని పరీక్ష చేయించి, మొదట కొద్ది సెంట్లలోనే పందిరి వేయుడు. అనలేనివారికి మామిడియే మేలు.