యంత్రమునకు జ్వరము



బిడ్డ నుదురు వేడెక్కినచో మనము తత్క్షణమే గ్రహింతుము. పాలు పొంగుటకు ముందే మన చేయి పొయ్యివైపునకు పోవును. ఇట్టి మనము చిన్న కార్లలో ప్రయాణము చేయుచు, కొందరము స్వయముగా నడుపుచు నుండియు, ఆ బండి వేడిని గూర్చి మాత్రము "అది మగవారి సంగతి" యని యూరకుందుము. మేమును నిన్న మొన్నటివరకు నట్లే యుంటిమి. ఆ యుపేక్ష వలన మాకు రాబోయి తప్పిన యాపదను విన్నవించి, పిమ్మట మేము తెలిసికొన్న నాలుగు మాటలు చెప్పెదము.

గడచిన వేసవి సెలవులలో మేము సకుటుంబముగా శ్రీశైలమునకు బయలుదేరితిమి. మా వారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. ఒకరు వాడి విడిచిన చిన్న కారును కొని రెండేండ్లయినది. ప్రయాణమునకు ముందు చక్రములకు గాలి కొట్టించితిమి, పులిహోర కట్టితిమి, త్రాగునీటి సీసాలు నింపితిమి. బండి త్రాగు నీటిని మాత్రము చూచినవారు లేరు. దోర్నాల దాటి నల్లమల కొండదారి నెక్కుచుండగా, మా వారి యెదుట నున్న వేడిని దెలుపు ముల్లు సగమునుండి పైకి జరుగుట మా కంటబడెను.

"ఏమండీ, ఆ ముల్లు పైకి పోవుచున్నది" అంటిమి.

"ఎండ యట్లున్నది. కొండ యెక్కినచో సర్దుకొనును" అనిరి.

కొంతదూరము పోయిన పిమ్మట మరల చెప్పితిమి. మరల నదియే ప్రత్యుత్తరము. ఇంతలో ముల్లు ఎర్రగీటును తాకెను. బండి ముందుభాగమునుండి తెల్లని యావిరి గుప్పున లేచెను. మా వారు బండి నాపి దిగి, పైరేకు నెత్తి, మా తువ్వాలును చేతికి చుట్టుకొని రేడియేటరు మూతను త్రిప్పబోయిరి. మా చిన్నమ్మాయి వింత చూచుటకై వారి మోచేతి ప్రక్కనే నిలిచియుండెను. అప్పుడు వెనుక వచ్చిన లారీ డ్రైవరు పరుగెత్తుకొని వచ్చి, "సారూ, మూత ముట్టుకోమాకండి! పాపను పక్కకు లాగమ్మా!" అని కేకవేసెను. అతడు తన ముంజేతిపై నున్న పాత మచ్చను చూపి, "నేనూ ఇట్టానే తీశాను" అనినపుడు మా గుండె జల్లుమనెను.

ముప్పాతిక గంట చెట్టునీడను కూర్చుంటిమి. చల్లారిన పిమ్మట అతడే మూతను మెల్లగా తీసెను. లోపల నీరు అడుగంటియుండెను. మా త్రాగునీరు దానికి పోసి, మెల్లగా వెనుకకు దోర్నాల చేరితిమి. రబ్బరు గొట్ట మొకటి పగిలినదని మెకానిక్కు చెప్పి దానిని మార్చెను. గొట్టము వెల స్వల్పము. దానికై మేము చెల్లింపబోయిన మూల్యము మాత్రము మా బిడ్డ ముఖము.

ఇంటికి వచ్చిన తరువాత ఈ విషయమును శ్రద్ధగా విచారించితిమి. సముద్రగర్భమున బడబానల మున్నదని మన పురాణములు చెప్పును గదా. కారు యంత్రమును అట్టిదే: నడుమ నగ్ని, చుట్టును నీరు. పెట్రోలు మండు క్షణమున లోపలి వాయువుల వేడి 2000 సెంటీగ్రేడు డిగ్రీలను మించును. యంత్రపు పైభాగమును సాధారణముగా అల్యూమినియముతో చేయుదురు. అది 660 డిగ్రీలకే కరగును. కరగకుండ కాపాడునది చుట్టును ప్రవహించు నీరే. పెట్రోలు నుండి పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే బండిని నడుపును. మిగిలినది పొగగొట్టము ద్వారాను నీటి ద్వారాను వెలికి పోవలయును. పంపు నీటిని త్రిప్పును; రేడియేటరు సన్నని గొట్టములలో దానిని చల్లార్చును; బండి నిలిచియున్నపుడు విద్యుత్తు పంకా గాలి విసరును.

పూర్వము 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టీ బండ్లలో అధికభాగమునకు పంపే లేదు. వేడినీరు పైకి లేచుట, చల్లనినీరు క్రిందికి దిగుట యను సహజధర్మముతోనే అవి నడిచెను. 2003 వరకు తయారైన ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకు నీటి యవసరమే లేదు. పంకా గాలియే దానిని చల్లార్చెడిది. నేటి చిన్న కార్లు దాదాపుగా అన్నియు నీటిపై నాధారపడినవే.

మన దేహమునకు 37 డిగ్రీలు సహజమైనట్లు, ఈ యంత్రమునకు ఇంచుమించు 90 డిగ్రీలు సహజము. బండిని బట్టి 85 నుండి 105 వరకు నుండవచ్చును. కావున వేడి దోషము కాదు. మితిమీరిన వేడియే దోషము. చల్లదనము మితిమీరుటయు దోషమే. నీరు తగినంత వేడెక్కువరకు రేడియేటరు దారిని మూసియుంచుటకు థర్మోస్టాటు అను చిన్న తలుపు కలదు. దానిలోని మైనము కరగి వ్యాకోచించినపుడు తలుపు తెరచుకొనును. కొందరు పనివారు వేడికి విరుగుడని దీనిని తీసి పారవేయుదురు. అట్లు చేసినచో యంత్రము తగిన వేడికి రాక పెట్రోలు ఎక్కువగా త్రాగును. దాని నూనెయు త్వరగా చెడును. కొన్ని క్రొత్త కార్లలో ముల్లు లేదు. యంత్రము చల్లగా నున్నంతవరకు నీలిదీపము, మితిమీరి వేడెక్కినపుడు ఎర్రదీపము వెలుగును. నీలిదీప మారుట మంచిదే. ఎర్రదీపము వెలిగినచో ఇంకొక మైలైనను పోరాదు. పోయినచో పైభాగము వంగును, నడుమ నున్న గాస్కెట్టు కాలును. చిన్న గొట్టముతో పోవలసినది పెద్ద వ్యయమగును.

మూత సంగతి ప్రెషరు కుక్కరు నెరిగిన మనకు సులభముగా బోధపడును. రేడియేటరు మూత లోపలి యొత్తిడిని నిలిపియుంచును. అందువలన నీరు 100 డిగ్రీల వద్ద మరుగక, 120 డిగ్రీల వరకును నీరుగానే యుండగలదు. మూత తీసినంతనే ఒత్తిడి పోయి, ఆ నీరు ఆవిరియై ముఖముపైకి చిమ్ముకొని వచ్చును. ఆవిరి యున్న కుక్కరు మూతను మనలో నెవరు తీయుదురు?

వ్యాధిని లక్షణములను బట్టి గుర్తింపవచ్చును. సంతవీథిలో నిలిచినపుడు వేడెక్కి, దారి దొరకినపుడు సర్దుకొనినచో పంకాను అనుమానింపవలయును. కొండ యెక్కునపుడు, వేగముగా పోవునపుడు వేడెక్కినచో నీరు తగ్గియుండును, లేదా రేడియేటరు పూడియుండును. ఎచటను కారుట కానరాక నీరు తరుగుచు, పొగగొట్టమున తెల్లనిపొగ విడువక వచ్చుచున్నచో, గాస్కెట్టు చెడినదేమో చూపించుకొనవలయును.

దారిలో ముల్లు పైకి పోవుచున్నచో చల్లగాలి యంత్రము నాపి, వేడిగాలి యంత్రమును నిండుగా త్రిప్పుడు. వేసవిలో వేడిగాలి యేమని నవ్వవలదు. అది యంత్రపు వేడిని కొంత బయటికి లాగును. అప్పటికిని తగ్గనిచో, ఎర్రగీటును చేరకముందే ప్రక్కకు తీసి బండి నాపుడు. అరగంటకు తక్కువ గాకుండ చల్లారనిండు. కాలుచున్న యంత్రముపై చన్నీరు గ్రుమ్మరింపకుడు; లోహము చిట్లును. యంత్ర మాగినను పంకా తనంతట తిరుగవచ్చును. పమిటచెంగు, జడ, పిల్లల వ్రేళ్లు దూరముగా నుండవలయును.

ఆపదలో మంచినీరు పోయవచ్చును గాని నిత్యము నదియే పోయరాదు. బోరునీరు కాచు గిన్నె యడుగున తెల్లనిపొర పట్టుట మన మెరుగుదుము; రేడియేటరులోను అట్లే పట్టును. స్వేదనజలముతో కలిపిన కూలెంటును పోయవలయును. ఐతే తల్లుల కొక హెచ్చరిక. కూలెంటులో సాధారణముగా నుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండును. రంగు షర్బతును బోలును. కొంచెము త్రాగినను మూత్రపిండములను చెరచి ప్రాణమునకే ముప్పు తెచ్చును. దానిని త్రాగునీటి సీసాలో ఎన్నడును పోయకుడు. పిల్లలకందని చోట తాళము వేసి యుంచుడు. నేలపై చిందినచో వెంటనే కడుగుడు. బిడ్డ త్రాగినదని యనుమానము కలిగినను ఆసుపత్రికి కొనిపొండు.

ఇప్పుడు మా యింట ప్రయాణమునకు ముందు, తెల్లవారి బండి చల్లగా నున్నపుడు, మా చిన్నమ్మాయి తండ్రితో కూడ పోయి నీటితొట్టిపై నున్న రెండు గీతల నడుమ నీరున్నదో లేదో చూచి వచ్చి మాకు చెప్పును. అటుపిమ్మటనే పులిహోర కట్టుదుము. కొండదారి వచ్చినంతనే మా వారు, "ముల్లు నీవును చూచుచుండుము" అని మాతో ననుచున్నారు.