నెల పద్దులో ఏడాది లెక్క

కుటుంబ ఆర్థిక వ్యవహారాలను చక్కదిద్దుకోవడానికి ఒక నెలను ప్రత్యేకంగా కేటాయించుకోవడం మంచి పద్ధతే గాని, ఆ నెల్లాళ్లూ సినిమాలూ హోటల్ భోజనాలూ మానుకోవడమే పొదుపు అనుకుంటే మరుసటి నెలలోనే పాత అలవాట్లు తిరిగి వస్తాయి. జీతం నెలకొకసారి వస్తుంది. ఖర్చులు మాత్రం అన్నీ నెలవారీగా రావు. జూన్‌లో బడి ఫీజులు, వేసవిలో ఆవకాయకూ ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలకూ అయ్యే ఖర్చు, దసరాకు బట్టలు, బంధువుల పెళ్లిళ్లలో చదివింపులు, బీమా ప్రీమియం, ఇంటి పన్ను ముందుగా తెలిసినవే అయినా, నెల లెక్కలో వీటికి చోటు లేకపోవడం వల్ల వచ్చిన ప్రతిసారీ అనుకోని ఖర్చులుగా తోచి అప్పుకు దారి తీస్తాయి. ఏడాదికొకసారి వచ్చే ఈ ఖర్చులను నెల లెక్కలోకి తీసుకురావడమే ఆ నెల రోజుల శ్రమకు అసలు ప్రయోజనం.

పూర్వం వర్తకులు ఏ రోజు జమాఖర్చులను ఆ రోజు వరుసగా చిట్టాలో రాసి, తరువాత వాటిని పద్దులవారీగా విడదీసి ఆవర్జాలో ఎక్కించేవారు. ఇంటి లెక్కకూ ఈ క్రమమే అనువైనది. మొదటి రెండు వారాలు దేనినీ తగ్గించకుండా, ఇంట్లో ప్రతి ఒక్కరూ చేసిన ఖర్చును చిట్టాగా రాసుకోవాలి. ఫోన్‌లోని యూపీఐ చెల్లింపుల జాబితా సొమ్ము ఎవరికి వెళ్లిందో చెబుతుంది గాని దేనికి వెళ్లిందో చెప్పదు కనుక, ఆ వివరాన్ని చేతితో చేర్చక తప్పదు. ఈ రెండు వారాల చిట్టాలో ఏడాది ఖర్చులు కనిపించవు కాబట్టి, గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌ను కూడా పరిశీలించి వాటిని వేరే కాగితం మీద రాసుకోవాలి.

మూడో వారంలో పద్దులు విడదీస్తే, ఎక్కడ తగ్గించవచ్చో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వం జరిపిన 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో కుటుంబ వ్యయంలో ఆహారం వాటా గ్రామాల్లో సుమారు 47 శాతం, పట్టణాల్లో సుమారు 40 శాతం. అయితే అందులో బియ్యం, గోధుమల వంటి ధాన్యాలది గ్రామాల్లో మొత్తం వ్యయంలో దాదాపు 5 శాతమే కాగా, పానీయాలు, చిరుతిండ్లు, తయారైన ఆహారపదార్థాలది దానికి సుమారు రెట్టింపు. అంటే మేలురకం బియ్యం మాని ముతకరకం కొనడం కంటే, బయటి నుంచి తెప్పించుకునే తిండిని తగ్గించడం వల్లనే ఎక్కువ సొమ్ము మిగులుతుంది.

విద్యుత్తు పద్దు కూడా గమనించదగినది. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు ఖర్చవుతాయి; 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు, అంటే తక్కువ విద్యుత్తుతో నడిచే కొత్తరకం మోటారు ఉన్న ఫ్యానుకు, 11 యూనిట్లు చాలు. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు పద్ధతిలో, ఆదా అయ్యేవి అన్నిటికంటే ఖరీదైన చివరి యూనిట్లే. ఓటీటీల వంటి చందాలు ఖాతా నుంచి వాటంతటవే కోతపడుతుంటాయి కాబట్టి, కార్డు చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు సమాచారం పంపాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం వచ్చే సందేశాలను చూసి, అక్కరలేని వాటిని అప్పుడే రద్దు చేసుకోవచ్చు.

అప్పులను మొత్తాన్ని బట్టి కాక వడ్డీని బట్టి వరుసగా రాయాలి. పల్లెల్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు బాకీని పూర్తిగా తీర్చకుండా కనీస మొత్తం మాత్రమే కట్టేవారిపై నెలకు మూడున్నర శాతం పడితే అది మూడున్నర రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 42 శాతం అవుతుంది; ఊళ్లో అంత వడ్డీకి అప్పు తేవడానికి జంకేవారు కూడా కార్డు బిల్లులో దాన్ని గుర్తించరు. ఇలాంటి బాకీ ఉండగా తక్కువ వడ్డీ వచ్చే డిపాజిట్‌ను కొనసాగించడం నష్టదాయకం. పొదుపూ అప్పూ రెండూ కలిసిన చీటీ విషయంలో, దాన్ని నడిపే సంస్థ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైందో లేదో చూసుకోవాలి. 2021 సవరణ ప్రకారం నిర్వాహకుని కమిషన్ 7 శాతానికి మించరాదు.

తరువాత ఏడాది ఖర్చుల కాగితాన్ని తీయాలి. ఉదాహరణకు ఒక ఇంట్లో ఫీజులకు 48,000, బీమాకు 18,000, పండుగలకూ పెళ్లిళ్లకూ 24,000, ఏడాది సరుకులకు 12,000, పన్నులకు 6,000 రూపాయలు అవుతాయనుకుంటే మొత్తం 1,08,000. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 9,000. జీతం పడిన రోజునే ఈ సొమ్మును వేరే ఖాతాకు మళ్లిస్తే జూన్ నెల కూడా మిగతా నెలల్లాగే గడిచిపోతుంది.

చివరి వారం కాగితాలకు కేటాయించాలి. డిపాజిట్లకూ బీమాకూ నామినీ, అంటే ఖాతాదారు మరణిస్తే సొమ్ము అందుకునే వ్యక్తి, పేరు ఉందో లేదో సరిచూడాలి; 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు కలిగింది. పదేళ్లపాటు ఎవరూ అడగని డిపాజిట్ల సొమ్ము రిజర్వ్ బ్యాంకు నిధికి బదిలీ అవుతుంది, దాన్ని వారసులు తిరిగి పొందవచ్చు. పెద్దల పేరిట ఇలాంటివి ఉన్నాయేమో ఆ బ్యాంకు 2023లో ప్రారంభించిన ఉద్గమ్ పోర్టల్‌లో వెతకవచ్చు. ఈ వివరాలు ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉండడం ప్రమాదకరం కనుక, భార్యాభర్తలిద్దరూ కలిసి జాబితా రాసి పెట్టుకోవాలి.

ఈ క్రమం అన్ని ఇళ్లకూ ఒకే ఫలితాన్ని ఇవ్వదు. వృథా తొలగించి, ఖరీదైన అప్పు తీర్చి, ఏడాది ఖర్చులను నెలలకు పంచిన తరువాత కూడా జమ కంటే ఖర్చే ఎక్కువగా తేలితే, ఆ ఇంటి సమస్య దుబారా కాదు, ఆదాయం చాలకపోవడం. అప్పుడు మరింత కోత పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదనీ, అద్దె తక్కువ ఉన్న ఇంటినో అదనపు సంపాదన మార్గాన్నో ఆలోచించాలనీ లెక్కల పుస్తకమే తెలియజేస్తుంది.