వైరస్ వెనుక వచ్చిన బూజు

గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెతకు 2021వ సంవత్సరము మన దేశములో ఒక కఠినమైన వ్యాఖ్యానము వ్రాసినది. కరోనా జ్వరమునుండి తేరుకొని, ప్రాణవాయువు గొట్టము తొలగించుకొని, ఇక ఇల్లు చేరుదుమని ఆశించిన రోగులలో కొందరికి ముక్కు మూసికొనిపోయెను, చెంప వాచెను, కన్ను ఉబ్బెను. మొదటి శత్రువు వెనుదిరుగుచుండగా, అతడు తెరచిన తలుపునుండియే రెండవ శత్రువు లోనికి వచ్చినట్లయినది. ఆ రెండవ శత్రువు శాస్త్రనామము మ్యూకర్‌మైకోసిస్. జనులు దానిని బ్లాక్ ఫంగస్ అని పిలిచిరి.

ఆ ఏడు జూన్ 28వ తేదీన కేంద్ర ఆరోగ్యశాఖామాత్యులు వెల్లడించిన లెక్క ప్రకారము, అప్పటికి దేశములో 40,845 మందికి ఈ వ్యాధి సోకినది. 3,129 మంది మరణించిరి. వ్యాధిగ్రస్తులలో నూటికి 85 మంది కరోనా సోకినవారు. 64 మంది మధుమేహము కలవారు. ఇంచుమించు 53 మంది స్టీరాయిడ్ మందులు వాడినవారు. ఈ మూడు అంకెలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో వ్యాధి మర్మమంతయు అందులోనే గోచరించును.

అరకులోయలో ఒక వర్షర్తువు గడపినవారికి బూజును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. తోలు చెప్పులపై, పుస్తకముల అట్టలపై, తడి ఆరని ధాన్యముపై అది మొలచును. కాఫీగింజలు చక్కగా ఎండకున్నచో చెడిపోవునని అక్కడి గిరిజన రైతు ఎరుగును. అయినను ఈ శిలీంధ్రజాతి కేవలము శత్రుజాతి కాదు. అడవిలో రాలిన ఆకును, కూలిన మ్రానును మరల మన్నుగా మార్చు పని దానిదే. దాని విత్తనములనదగిన సూక్ష్మరేణువులు గాలిలో సర్వత్ర తేలుచుండును. మనమందరమును వాటిని దినదినము పీల్చుచునే యున్నాము. ఆరోగ్యవంతుని శరీరమందలి రక్షకకణములు వాటిని ఎప్పటికప్పుడు హతమార్చుచుండుటచే మనకు ఆ సంగతియే తెలియదు.

మరి ఆ కాపలా ఎట్లు సడలినది? వైరస్ శ్వాసమార్గపు లోపొరను గాయపరచును. ఊపిరాడని రోగికి వైద్యుడు స్టీరాయిడ్ ఇచ్చును. ప్రాణవాయువు అవసరమైన కరోనా రోగులలో డెక్సామెథసోన్ మరణములను తగ్గించునని 2020 జూన్‌లో ఇంగ్లండులోని పరిశోధకులు వెల్లడించిరి. అది ఎందరినో కాపాడినది. కాని ఆ మందే రక్షకకణములను నిద్రపుచ్చును, నెత్తుటిలో చక్కెరను పెంచును. చక్కెర మితిమీరి రక్తము ఆమ్లగుణము పొందినచో, అందు బంధింపబడియున్న ఇనుము విడివడును. ఆ ఇనుమే మ్యూకర్ జాతికి పుష్టికరమైన ఆహారము. ఇందు అపరాధము ఔషధమునది కాదు. అక్కరలేనివారికి, అక్కరకు మించి, చక్కెర పరీక్ష లేకుండ ఇచ్చుటయే అపరాధము.

పేరును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఈ బూజు నల్లనిది కాదు. దాని పోగులు రక్తనాళముల గోడలను దూసికొనిపోగా నెత్తురు గడ్డకట్టును. నెత్తురందని కండయు ఎముకయు చచ్చి నల్లబారును. ఆ నలుపు మృతమాంసపు నలుపు. ఇది ఒకరినుండి ఒకరికి అంటుకొనదు. కావున రోగిని వెలివేసినట్లు చూచుట అజ్ఞానము.

ఈ పొంచియుండు గుణము ఒక్క మ్యూకర్‌కే పరిమితము కాదు. 1729లో మికేలీ అను ఇటలీదేశపు మతాచార్యుడు ఒక బూజును సూక్ష్మదర్శినిలో చూచి, అది తీర్థము చల్లు సాధనమువలె నున్నదని దానికి ఆస్పర్జిల్లస్ అని పేరిడెను. నెదర్లాండ్స్, బెల్జియం దేశములలో తీవ్రమైన ఇన్‌ఫ్లుయెంజాతో అత్యవసర చికిత్సలో నున్న 432 మందిని పరిశీలింపగా, నూటికి 19 మంది ఊపిరితిత్తులలో ఈ ఆస్పర్జిల్లస్ పాగా వేసినట్లు తేలినదని 2018లో ప్రకటించిరి. వైరస్ ఏదైనను, అది దారి తీసినచో బూజు నడచివచ్చును.

మ్యూకర్‌కు ముఖ్యౌషధము ఆంఫోటెరిసిన్-బి. వెనిజులాలోని ఒరినోకో నదీతీరపు మట్టిలో దొరకిన ఒక సూక్ష్మజీవినుండి దానిని 1950ల దశకములో రాబట్టిరి. 2021 మే నెలలో ఆ మందుకై దేశమంతట కటకట ఏర్పడినది. మందొక్కటియే చాలదు. నెత్తురు పారని చోటికి మందును చేరదు. కావున చచ్చిన కండను శస్త్రముతో తొలగింపవలెను. ఆలస్యమైనచో కొందరికి కన్నే తీసివేయవలసివచ్చును. ఆ మే నెలలోనే కేంద్రము ఈ వ్యాధిని తప్పక నమోదు చేయవలసినదిగా రాష్ట్రములను కోరెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చెను.

పథకమున్నను, మందున్నను, రోగి సకాలములో చేరవలెను గదా! మన్యమునకు పెద్దదిక్కు విశాఖపట్నములోని కింగ్ జార్జి ఆసుపత్రి. అరకునుండి ఘాటురోడ్డు మీదుగా 100 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. కొండకొమ్ముల గూడెములనుండి ఆ రోడ్డు వరకు రోగిని డోలీలో మోసికొనివచ్చు దృశ్యములు నేటికిని పత్రికలలో చూచుచునే యున్నాము. 2022లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది, పాలన దగ్గరైనది. కాని ముక్కునుండి కంటికి, కంటినుండి మెదడుకు కొలది దినములలోనే ప్రాకు ఈ వ్యాధికి కొండదారి ఎంతమాత్రము ఆగదు.

అందుచేత గూడెమునుండి రోగి కదలకముందే గూడెమునకు జ్ఞానము చేరవలెను. ఆశ్రమపాఠశాల ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త, పదవ తరగతి విద్యార్థి ఈ నాలుగు గుర్తులను ఎరిగియున్నచో చాలును: తీవ్రమైన శ్వాసవ్యాధి వచ్చి తగ్గినవారికి ముఖము ఒకవైపు నొచ్చుట, వాచుట లేక మొద్దుబారుట; ముక్కునుండి నల్లని లేక నెత్తురు కలసిన స్రావము; చూపు రెండుగా తోచుట, కనురెప్ప వాలుట; పైపండ్లు కదలుట, అంగిటిపై నల్లమచ్చ. వీటిలో ఏది కనిపించినను అది రేపటి వరకు ఆగదగిన సంగతి కాదు. జ్వరమునకు వైద్యుని చీటీ లేకుండ స్టీరాయిడ్ మాత్రలు మ్రింగరాదు. స్టీరాయిడ్ వాడినవారు, మునుపు మధుమేహము లేనివారైనను, చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. ఒక్క నెత్తుటిబొట్టుతో తేలు పరీక్ష అది.

బూజును లోకమునుండి నిర్మూలించుట సాధ్యము కాదు. కాకుండుటయే మేలు, అది లేనిచో అడవియే లేదు. మన చేతిలోనున్నది కాపలా మాత్రమే. పట్టణమున ఆ కాపలాకు ఆసుపత్రులు, ప్రయోగశాలలు కలవు. కొండలలో ఆసుపత్రి చేరునంతవరకు ఆ కాపలా, తెలిసిన మనిషి కన్నే.