పుడమికి భారం కాని వైద్య పరికరం

సిరంజి మొదలుకొని స్కానింగ్ యంత్రం దాకా ప్రతి వైద్య పరికరానికీ ఆస్పత్రి బయట కూడా ఒక బతుకు ఉంటుంది. రోగి దగ్గరికి రాకముందు అది గనిలోనో చమురు బావిలోనో పుడుతుంది. రోగి పని అయ్యాక చెత్త లారీ ఎక్కుతుంది. 2019లో హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అనే అంతర్జాతీయ సంస్థ కట్టిన లెక్క ప్రకారం ప్రపంచంలోని హరితగృహ వాయువుల్లో 4.4 శాతం ఆరోగ్యరంగం నుంచే వస్తున్నాయి. అందులో 70 శాతం దాకా సరుకుల తయారీ, రవాణా, పారవేతలవే. పరికరం ఏ పదార్థంతో చేయాలి, ఎన్నిసార్లు వాడేలా ఉండాలి, చెడిపోతే విప్పడానికి వీలుండాలా వద్దా అన్నవి నమూనా గీసే దశలోనే తేలిపోతాయి. ఆ తర్వాత ఆస్పత్రి ఎంత జాగ్రత్తపడినా తగ్గించగలిగేది కొంతే.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి హైదరాబాద్ పాతబస్తీ చుట్టుపక్కల మంచి ఉదాహరణలున్నాయి. మొదటిది మూసీ మీది నయాపూల్‌కు ఆవలి ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో దొరుకుతుంది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రికి ముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 మూసీ వరద దాన్ని తుడిచిపెట్టేసింది. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1888లోనూ 1889లోనూ, హైదరాబాద్ వైద్య పాఠశాలకు నాయకత్వం వహించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం అనే మత్తుమందు మీద రెండు పరిశోధన కమిషన్లు నడిపాడు. రెండో కమిషన్‌కు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చాడు. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాంతో ముప్పు గుండెకు కాదు, శ్వాసకేనని లారీ గట్టిగా వాదించాడు. ఆ వాదన తర్వాత నిలబడలేదు గానీ మత్తుమందుల చరిత్రలో హైదరాబాద్ పేరు మాత్రం నిలిచిపోయింది.

ఆ రోజుల్లో మత్తు ఇవ్వడమంటే ముక్కు దగ్గర గుడ్డ పెట్టి క్లోరోఫాం చుక్కలు వేయడమే. రోగి పీల్చింది కొంత, గదిలోకి పోయింది ఎంతో. ఈ వృథాను ఆపింది కొత్త మందు కాదు, పరికరంలో వచ్చిన మార్పు. 1920ల్లో అమెరికా వైద్యుడు రాల్ఫ్ వాటర్స్ రోగి వదిలిన గాలిని సోడా లైమ్ గుండా పంపి మళ్లీ పీల్పించే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఖరీదైన వాయువును పొదుపు చేయడం దాని ప్రయోజనాల్లో ఒకటి. ఈనాటి ఆపరేషన్ థియేటర్‌లో మత్తు యంత్రం పక్కన కనిపించే పారదర్శక డబ్బా ఆ పద్ధతిదే. అందులోని తెల్లని గుళికలు రోగి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటాయి. వాటి శక్తి అయిపోతుంటే రంగు ఊదాకు తిరుగుతుంది, అప్పుడు మారుస్తారు. మత్తుమందు ఆవిరి మాత్రం తిరిగి రోగికే చేరుతుంది. దీనివల్ల నిమిషానికి అయిదారు లీటర్ల తాజా వాయువు అవసరమైన చోట లీటరు, అంతకన్నా తక్కువతోనూ పని నడుస్తుంది.

ఇది ఖర్చు లెక్క మాత్రమే కాదు. మత్తుమందుల్లో డెస్‌ఫ్లూరేన్ నూరేళ్ల లెక్కన అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 2,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. సెవోఫ్లూరేన్ విషయంలో అది 200 రెట్ల లోపే. అందుకే స్కాట్లాండ్ 2023లో డెస్‌ఫ్లూరేన్‌ను తన ఆస్పత్రుల నుంచి తీసేసింది. యూరోపియన్ యూనియన్ 2026 జనవరి 1 నుంచి దాని వాడకాన్ని తప్పనిసరి అవసరాలకే పరిమితం చేసింది. నైట్రస్ ఆక్సైడ్ అనే మరో మత్తు వాయువు కథ ఇంకా బాధాకరం. స్కాట్లాండ్‌లోని ఆస్పత్రుల్లో లెక్క చూస్తే, పైపులైన్లలోకి పంపిన వాయువులో ఎక్కువ భాగం ఏ రోగినీ చేరకుండానే లీకైపోతోందని తేలింది. గోడలోని పైపుకు బదులు యంత్రానికే చిన్న సిలిండర్ తగిలిస్తే ఆ నష్టం చాలావరకు ఆగుతుంది. కొత్తగా ఆస్పత్రి కట్టేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

రెండో ఉదాహరణ పాతబస్తీకి ఆగ్నేయాన ఉన్న కంచన్‌బాగ్‌ది. అక్కడి క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌కు 1982లో ఏ.పి.జె. అబ్దుల్ కలాం డైరెక్టర్ అయ్యారు. ఆయన తర్వాతి ప్రసంగాల్లో పదేపదే చెప్పిన ముచ్చట ఒకటుంది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టర్ ఒకరు ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణి కోసం తయారైన మిశ్రమ పదార్థాన్ని చేతిలోకి తీసుకుని దాని తేలికకు ఆశ్చర్యపోయాడు. కలాంను ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించాడు. అక్కడ పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. దీన్ని మానవీయ కథగా చెప్పుకోవడం న్యాయమే. పర్యావరణ దృష్టితో చూసినా మంచి పాఠమే: బరువు పదో వంతుకు తగ్గితే పదార్థమూ రవాణా భారమూ తగ్గుతాయి, పిల్లవాడు దాన్ని మూలన పడేయకుండా వాడుకుంటాడు. అయితే ఇలాంటి మిశ్రమ పదార్థాలతో ఒక చిక్కు ఉంది. ఉక్కును కరిగించి మళ్లీ ఉక్కు చేసుకోవచ్చు. పోగులూ రెజిన్లూ కలిసి గట్టిపడ్డ పదార్థాన్ని విడదీయడం కష్టం. కాబట్టి పిల్లవాడు ఎదిగే కొద్దీ పట్టీలు, మడమ భాగం మార్చుకుంటూ మిగతాది నిలుపుకునేలా చేయడం మేలైన దారి.

అదే కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిధాని సంస్థ ప్రత్యేక ఉక్కు, టైటానియం మిశ్రమాలతో పాటు శరీరంలో అమర్చే ఇంప్లాంట్లూ చేస్తోంది. టైటానియం తయారీకి విద్యుత్తు విపరీతంగా పడుతుంది. కానీ తుంటిలో అమర్చిన ఇంప్లాంట్ పదేళ్లకు బదులు ఇరవై ఏళ్లు పనిచేస్తే మరో ఆపరేషన్, దాని వెంట వచ్చే సామగ్రి, రక్తం, పడక అన్నీ తప్పుతాయి. మన్నిక అన్నిటికన్నా పెద్ద పొదుపు.

ఒక్కసారి వాడి పారేసే పరికరాల దగ్గర వాదన చిక్కుబడుతుంది. సూదులు, సిరంజిలు, సెలైన్ సెట్లు పారేయాల్సిందే. హెచ్‌ఐవీ, హెపటైటిస్ భయం ఉన్నచోట దీనిపై రాజీ కుదరదు. కానీ రక్తపోటు పట్టీ, ఆపరేషన్ గౌను, గొంతులోకి చూసే లారింగోస్కోప్ బ్లేడు, పల్స్ ఆక్సిమీటర్ క్లిప్పు ఎందుకు పారేయాలి? దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆస్పత్రులపై 2017లో వచ్చిన అధ్యయనంలో ఫేకో పద్ధతిలో చేసే ఒక శుక్లాల ఆపరేషన్‌కు దాదాపు 6 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలే తేలాయి. బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌తో పోలిస్తే ఇది 5 శాతం మాత్రమే. పరికరాలను వెంటవెంటనే స్టెరిలైజ్ చేసి వాడటం, ఒకే థియేటర్‌లో రెండు బల్లలు వేయడం, చుక్కల మందు సీసాను ఎక్కువ మందికి వాడటం ఇందుకు కారణాలు. ఇన్ఫెక్షన్లు పెరగలేదు.

అయితే పరికరాలను స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ కూడా ఊరికే పనిచేయదు. 121 డిగ్రీల ఆవిరిని పీడనంతో నిలపడానికి కరెంటు కావాలి. 2017లోనే ఆస్ట్రేలియాలో జరిగిన మరో అధ్యయనంలో, మత్తు పరికరాలను మళ్లీ మళ్లీ వాడేవిగా మార్చితే డబ్బు బాగా మిగిలింది గానీ ఉద్గారాలు తగ్గకపోగా కాస్త పెరిగాయి. అక్కడి కరెంటు బొగ్గుతో వచ్చేది. మన కరెంటులోనూ పెద్ద వాటా బొగ్గుదే కనుక ఈ మాట మనకు బాగా వర్తిస్తుంది. సగం ఖాళీగా ఆటోక్లేవ్ నడపకపోవడం, సందుగొందులు లేకుండా తేలిగ్గా కడిగే ఆకారంలో పరికరం చేయడం, ఆస్పత్రి కప్పుపై సౌర ఫలకాలు పెట్టడం కలిస్తేనే లెక్క మనవైపు తిరుగుతుంది.

పారేసిన తర్వాత ఏమవుతుందో బయో మెడికల్ వేస్ట్ నిబంధనలు, 2016 చెబుతాయి. పసుపు సంచిలో శరీర భాగాలు, రక్తం తడిసిన దూది. ఎరుపులో గొట్టాలు, సెలైన్ సెట్లు, గ్లౌజులు. తెల్లని గట్టి డబ్బాలో సూదులు, బ్లేడ్లు. నీలంలో గాజు, లోహ ఇంప్లాంట్లు. ఎరుపు సంచిది శుద్ధి చేసి, ముక్కలు చేసి ప్లాస్టిక్‌గా మళ్లీ వాడొచ్చు. పసుపుది ఇన్సినరేటర్‌కు పోతుంది. పీవీసీ లాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సరిగా కాలకపోతే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అందుకే క్లోరిన్ ప్లాస్టిక్ సంచులు, గ్లౌజులను 2019 మార్చి 27 నాటికి ఆపేయాలని ప్రభుత్వం గడువు పెట్టింది. రక్తం సంచులకు మినహాయింపునిచ్చింది. నమూనా గీసేవారికి దీని అర్థం సూటిగా ఉంది: ఒకే వస్తువులో లోహం, రెండు రకాల ప్లాస్టిక్, బ్యాటరీ జిగురుతో అతికిస్తే అది ఏ సంచికీ చెందదు. నర్సు రెండు చేతులతో క్షణంలో విడదీయగలిగితేనే రంగు సంచుల పద్ధతి నిజంగా పనిచేస్తుంది.

మరమ్మతు సంగతి చాలామంది మరచిపోతారు. ప్రభుత్వ ఆస్పత్రిలో మానిటర్ ఆగిపోవడానికి తరచు కారణం ఒక కేబులో, బ్యాటరీయో. విడిభాగం దొరక్కపోయినా, సర్వీసు సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ తాళం వేసినా మొత్తం యంత్రం మూలన పడుతుంది. టెండర్‌లో తక్కువ ధర చెప్పినవారికే ఆర్డర్ ఇస్తే ఇది ఆగదు. పదేళ్లపాటు విడిభాగాలు ఇస్తారా, మరమ్మతు పుస్తకం ఆస్పత్రి టెక్నీషియన్‌కు ఇస్తారా, గంటకు ఎంత కరెంటు తీసుకుంటుంది, పాతదాన్ని వెనక్కి తీసుకుంటారా అన్నవి ధరతో పాటు మార్కులు పొందాలి. పటాన్‌చెరు దగ్గర సుల్తాన్‌పూర్‌లో 2017లో మొదలైన మెడికల్ డివైసెస్ పార్కులోని తయారీదారులకు ఇది దగ్గరి మార్కెట్. కొనేవారు ఈ ప్రశ్నలను టెండర్ కాగితంలో రాసిన రోజు, వాటికి జవాబులు వాళ్ల నమూనాల్లోకి వస్తాయి.