‘బ్రేక్ డౌన్’ – వాచ్యార్థము, లక్ష్యార్థము

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు బస్సు దారిలో నిలిచిపోయినచో, ఆంగ్లము చదువని రైతు కూడ ‘బ్రేక్‌డౌన్ అయినది’ అనును. అయితే మా విద్యార్థులలో కొందరు, బస్సు బ్రేకులు చెడినవని ఆ మాటకు అర్థము చెప్పుట మేము గమనించితిమి. ఇందుకు లిపియే కారణము. వేగమును ఆపు బ్రేకు, విరుగుటను తెలుపు బ్రేకు ఆంగ్లమున వేర్వేరు వర్ణక్రమము గల మాటలు. ఉచ్చారణ ఒక్కటే గావున తెలుగులోను, ఉర్దూలోను ఒకే రూపము దాల్చినవి.

క్రియకు ఒక చిన్న పదము చేరి క్రొత్త అర్థమిచ్చు ఇట్టి జంటలు పరదేశీయులకు మిక్కిలి కష్టమని డాక్టర్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు పీఠికలో వ్రాసెను. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ వ్యాప్తికి తెచ్చెను.

తలుపును బద్దలుకొట్టి పడగొట్టుట ఈ మాటకు వాచ్యార్థము. ఉర్దూలో దీనినే ‘హకీకీ’ అర్థమందురు. ఇచట కర్మ ఉండును. అది సర్వనామమైనచో ‘బ్రోక్ ఇట్ డౌన్’ అని నడుమ చేరవలెను. లక్ష్యార్థములో, అనగా ‘మజాజీ’ అర్థములో, యంత్రము చెడిపోవును, రాయబారము బెడిసికొట్టును, మనిషి దుఃఖము నాపుకొనలేక ఏడ్చును. ఇచట కర్మ లేదు. ‘ది బస్ బ్రోక్ డౌన్’ అన్నచో వాక్యము పూర్తియైనట్లే. ఖర్చును పద్దుల వారీగా విడదీయుటకును ఇదే మాట వాడుదురు. అచట మరల కర్మ చేరును.

తండ్రి మరణవార్త విని కుమారుడు ‘బ్రోక్ డౌన్’ అను వాక్యమును ఒక విద్యార్థి ‘విరుచుకుపడినాడు’ అని తెనిగించెను. విరుచుట, పడుట రెండును అందులో కలవు. ఉర్దూలోని ‘టూట్ పడ్నా’ కూడ అట్టిదే. కాని ఈ రెండింటికిని మీదపడి దాడి చేయుట అని అర్థము. పాపము, ఏడ్చినవాడు కొట్టవచ్చినవాడాయెను! ‘బావురుమన్నాడు’ అనినను, ఉర్దూలో ‘ఫూట్ ఫూట్ కర్ రోయా’ అనినను భావము చక్కగా కుదిరెడిది.

రేపు మన విద్యార్థులలో కొందరు కచేరీలలో అర్జీలను, పత్రికలలో వార్తలను అనువదింతురు. ఒక్క మాట తప్పినచో ఒకరి శోకము కోపముగా మారిపోవును. కావున ఇట్టి జంట ఎదురైనపుడు దానిని ముక్కలు చేసి అర్థము కట్టక, వాక్యమంతయు చదివి, ఎవరు చేసిరి, దేనిని చేసిరి అని ప్రశ్నించుకొనవలెనని మా మనవి.