ఒక్కనాటి అతిథి: కోనసీమ యాత్రలు, పంచాయతీల బాధ్యత

తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున సముద్రము హద్దులుగా ఏర్పడిన సీమ కోనసీమ. నడుమ వైనతేయ పాయ ఈ భూమిని మరల రెండుగా విభజించుచున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము కేంద్రముగా ప్రత్యేక జిల్లా ఏర్పడిన తరువాత ఈ సీమ పేరు దూరప్రాంతములవారికిని మరింత పరిచితమైనది. రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము, విజయవాడ, విశాఖపట్టణముల నుండి వేకువనే బయలుదేరి, గుడియు, రేవును, కొబ్బరితోటలును చూచి, ప్రొద్దుగ్రుంకువేళకు మరలిపోవువారు ఇచటికి నిత్యము వచ్చుచున్నారు. రాత్రి నిలువని ఈ యాత్రికుని మనము ఒక్కనాటి అతిథి అనవచ్చును.

ఇతని సౌకర్యము పర్యాటకశాఖవారి పని అని కొందరు పంచాయతీ సభ్యులు తలచుట కలదు. రాజ్యాంగపు 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, రాష్ట్రములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 పేర్కొనబడినవి. వానిలో పర్యాటకము అను మాట లేదు. కాని త్రాగునీరు 11వ అంశము. రోడ్లు, వంతెనలు, రేవులు, జలమార్గములు 13వ అంశము. సంతలు, తిరునాళ్లు 22వ అంశము. ఆరోగ్యము, పారిశుద్ధ్యము 23వ అంశము. యాత్రికుని దినమును విడదీసి చూచినచో అది ఈ నాలుగింటితోనే నిండియున్నది. కావున యాత్ర పంచాయతీ పని కాదనుట సరికాదు.

పూర్వపు ఆచారము

యాత్రికులు ఈ సీమకు క్రొత్తవారు కారు. గోదావరి పాయలు సముద్రమున కలియు చోట్ల స్నానముచేయు సప్తసాగర యాత్ర ప్రాచీనమైనది. చొల్లంగిలో ప్రారంభమగు ఆ యాత్ర అంతర్వేదిలో ముగియును. అట్టి బాటసారులకు అన్నము పెట్టియే లంకలగన్నవరము వాస్తవ్యురాలు డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆంధ్రదేశమంతట అన్నపూర్ణ అని కీర్తింపబడిరి. వేళ కాని వేళ వచ్చినవారికిని లేదనక పెట్టుట ఆమె నియమము. నేడు యాత్రికుడు హోటలులో భుజించును. అయినను ఊరికి వచ్చినవాని క్షేమము ఊరి గౌరవమను భావము మారలేదు.

మూడు దినముల మూడు త్రోవలు

ఒక్క దినములో కోనసీమ అంతయు చూచుట సాధ్యము కాదు. పాత తాలూకాల ననుసరించి మూడు త్రోవలుగా చెప్పినచో యాత్రికునకు తొందర తగ్గును.

మొదటిది కొత్తపేట వైపు. రావులపాలెము దీనికి ముఖద్వారము. ర్యాలిలో ఒకే శిల ముందువైపు కేశవస్వామిగను, వెనుకవైపు జగన్మోహినిగను మలచబడినది. వాడపల్లి వేంకటేశ్వరుని శనివారమున వేలకొలది భక్తులు సేవింతురు. మందపల్లిలో శనిత్రయోదశినాడు నువ్వులనూనెతో అభిషేకములు జరుగును. పలివెలలో ఉమాకొప్పేశ్వరాలయము కలదు. ఆత్రేయపురములో బోర్లించిన కుండక్రింద మంటపెట్టి, బియ్యపుపిండి జావలో తడిపిన వస్త్రమును కుండపై ఒక్క త్రుటిలో పరచి తీసి, కాగితముకంటె పలుచని రేకును తయారుచేయు స్త్రీల నేర్పు చూడదగినది. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

రెండవది అమలాపురము వైపు. అయినవిల్లి సిద్ధివినాయకుని, ముక్తేశ్వరములోని క్షణముక్తేశ్వరుని దర్శించి, పంటుమీద గౌతమిని దాటినచో ఆవలి ఒడ్డున కోటిపల్లి. అంబాజీపేట కొబ్బరి వ్యాపారమునకు, బండారులంక చేనేతకు పేరుపొందినవి. పి. గన్నవరమువద్ద కాలువ నదిని నదిపైనుండియే దాటుచున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన కాలముననే, ఆ నీటిని వైనతేయకు ఆవలనున్న నగరము దీవికి చేర్చుటకై 49 కమానులతో ఇచట అక్విడక్టు నిర్మించిరి. దాని ప్రక్కనే 2000లో వచ్చిన క్రొత్త కట్టడమునకు సీతమ్మగారి పేరు పెట్టిరి. క్రింద నదియు, పైన కాలువయు ప్రవహించు ఈ దృశ్యమును పాఠశాల పిల్లలకు తప్పక చూపవలెను. కోనసీమ పచ్చదనమునకు మూలమేమో పాఠ్యపుస్తకముకంటె ఇది తేటగా చెప్పును.

మూడవది రాజోలు వైపు. వైనతేయ తీరమున అప్పనపల్లి బాలబాలాజీ ఆలయమును, ఆదుర్రులో బౌద్ధస్తూప శిథిలములును కలవు. దిండివద్ద వసిష్ఠపై పడవవిహారము చేయవచ్చును. చివర అంతర్వేది. మాఘశుద్ధ దశమిరాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణము, మరునాడు భీష్మైకాదశికి రథోత్సవము. 2020 సెప్టెంబరులో పాత రథము అగ్నికి ఆహుతి కాగా, 2021 ఉత్సవమునాటికి క్రొత్తరథము సిద్ధమైనది.

రేవు: అన్నిటికంటె ముందు

ఈ మూడు త్రోవలలోను యాత్రికుడు ఎక్కడనో ఒకచోట నీటిమీదికి పోవును. ఇచటనే మనము మిక్కిలి జాగరూకులము కావలెను. 2018 జూలైలో ఐ. పోలవరము మండలము పశువుల్లంకవద్ద నాటుపడవ, నిర్మాణములోనున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడగా బడిపిల్లలు ప్రాణములు కోల్పోయిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన దేవీపట్నము మండలము కచ్చులూరువద్ద పాపికొండల విహారమునకు పోవుచుండిన లాంచీ మునిగి సుమారు 50 మంది మరణించిరి. మొదటిది నిత్యము దాటు రేవు, రెండవది వినోదయాత్ర. రెండు దినములలోను గోదావరి నిండుగా పారుచుండెను.

ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులు కాగానే మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు ప్రకటింతురు. మొదటి హెచ్చరిక వినబడిననాడే విహారపు పడవ కదలరాదని పంచాయతీ తీర్మానము చేసి, ఆ తీర్మానమును రేవులో పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది. హెచ్చరిక లేని దినములలోను వడి హెచ్చుగానున్నచో సరంగు మాటకంటె అధికారుల అనుమతియే ప్రమాణము కావలెను. ఎందరు ఎక్కవచ్చునో ఆ సంఖ్యను పడవపై రంగుతో వ్రాయింపవలెను. లైఫ్ జాకెట్టు పడవ మూలనుండిన చాలదు, ఒంటిపై ఉండవలెను. రేవు వేలము వేయునపుడు పాట హెచ్చిన మొత్తమునే గాక, పాడినవాడు ఈ షరతులను పాటించునా అని కూడ చూడవలెను. తక్కువ పడవలతో ఎక్కువమందిని దాటించి సొమ్ము రాబట్టు ఆశ అక్కడనే పుట్టును.

సాగరసంగమమువద్ద మరియొక ప్రమాదము కలదు. ఆటు సమయమున వెనుదీయు సముద్రజలమును, నదీప్రవాహమును ఒకే దిక్కునకు లాగును. మోకాలిలోతున నిలిచినవాడును కాలు నిలదొక్కుకొనలేడు. ఇది ఊరి జాలరులు ఎరుగుదురు. పట్టణమునుండి వచ్చిన యువకుడు ఎరుగడు. స్నానముచేయదగిన చోటుకు హద్దుగా గడలు పాతించి, రద్దీ దినములలో ఈతనేర్చిన స్థానికులను కాపలా ఉంచినచో ఎన్నో ప్రాణములు దక్కును.

నీరు, మరుగుదొడ్డి, చెత్త

స్త్రీలు కుటుంబముతో యాత్రకు వచ్చుటకు జంకుటకు ముఖ్యకారణము మరుగుదొడ్డి లేకుండుట. కట్టించుటకంటె నడుపుట కష్టము. తాళము వేయబడిన మరుగుదొడ్డి లేనిదానితో సమానము. నీటి తొట్టి, తలుపు గడియ, దీపము, తుడుచు మనిషి, ఈ నాలుగును ఉన్నప్పుడే అది పనికివచ్చును. స్వల్ప రుసుము తీసికొని స్వయంసహాయక సంఘమునకు నిర్వహణ అప్పగించుట ఒక మార్గము.

త్రాగునీటి కుళాయి కనబడునట్లుండినచో ప్లాస్టిక్ సీసాలు తగ్గును. కాలువగట్టున విడిచిన విస్తరి, సీసా తూములలో అడ్డుపడి శివారు చేనికి నీరందకుండ చేయును. అనగా యాత్రికుని చెత్త రైతు నష్టమగుచున్నది. బొండము త్రాగి పారవేసిన డొల్లలో వాననీరు నిలిచి దోమలు పెరుగును. వానిని ఏనాటివి ఆనాడు ఎత్తించుట బొండముల దుకాణదారుని బాధ్యతగా నిర్ణయింపవచ్చును.

ఊరికి మిగులునది

సాయంకాలము బండి వెళ్లిపోయిన తరువాత ఊరికి మిగులునది చెత్తయా, ఆదాయమా? ఇది పంచాయతీ ఏర్పాటుపై ఆధారపడును. ఆత్రేయపురపు రేకు, బండారులంక చీర, కొబ్బరిపీచు తాళ్లు, చాపలు, ఇవి చేసినవారే అమ్ముకొనుటకు రేవుదగ్గర, గుడివీథిలో కొంత చోటు కేటాయింపవలెను. బండ్లు నిలుపు స్థలమునకును, దుకాణములకును వసూలగు ఆశీలులో కొంతభాగము ఆ స్థలము శుభ్రతకే వ్యయపరచినచో ఇచ్చువారును సంతోషింతురు. ధరలపట్టిక వ్రేలాడదీసినచో ఊరికి మాట రాదు.

పదునొక గ్రామముల పాఠము

ఒక్క ఊరు చేయలేని పని పలు ఊళ్లు కలసి చేయగలవు. కనుమనాడు మొసలపల్లి చెంతనున్న జగ్గన్నతోటకు వ్యాఘ్రేశ్వరము, ముక్కామల, పలగుమ్మి మున్నగు 11 గ్రామములనుండి ఏకాదశరుద్రుల ప్రభలు కదలివచ్చును. కౌశికను దాటి, చేల నడుమనుండి ప్రభను మోసికొనిపోవుదురు; పైరు నలిగినను రైతు నొచ్చుకొనడు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటము ఈ ప్రభలతీర్థమే. ఏ ఊరి ప్రభ ఎప్పుడు, ఏ త్రోవను రావలెనో అందరెరుగుదురు. ఇట్టి పొందికను ఒక్క దినమునకే గాక సంవత్సరమంతకు విస్తరించినచో, ఒక యాత్రామార్గములోని పంచాయతీలన్నియు కలసి పడవల తనిఖీ, చెత్తబండి, మార్గసూచికలు ఏర్పరచుకొనగలవు.

సభ్యులు రాబోవు గ్రామసభలో మూడు ప్రశ్నలు చర్చింపవలెనని కోరుచున్నాము. మన రేవులో నేడు పడవ ఎక్కువాడు క్షేమముగా దిగునా? మన ఊరికి వచ్చిన స్త్రీకి మరుగుదొడ్డి ఎక్కడనున్నదో మనము చూపగలమా? అతిథి వెళ్లిన మరునాటి ఉదయము మన కాలువగట్టు నిన్నటివలె ఉండునా? ఈ మూడింటికిని అవునని చెప్పగల గ్రామమునకు వేరు ప్రచారము అక్కరలేదు. చూచి వెళ్లినవారే పదిమందిని వెంటబెట్టుకొని వత్తురు.